సహాయక పరికరాలు చేసే విద్యార్థులకు మార్గదర్శిగా ఉండేవారికి

అనంతపురం చుట్టుపక్కల పాఠశాలల్లో గానీ ఇంజనీరింగ్ కళాశాలల్లో గానీ దివ్యాంగులకు పనికొచ్చే పరికరం చేస్తామని ముందుకొచ్చే విద్యార్థులు, అది ఎవరికోసమో తెలియకముందే ఏ సెన్సార్ బిగించాలో తేల్చుకుని వస్తారు. చూపులేనివారికి మోగే కర్ర, మాట రానివారికి మాట్లాడే గ్లవుజు ఏటా ప్రదర్శనల్లో కనిపిస్తూనే ఉంటాయి. వాటిని ఆ తర్వాత ఇంట్లో వాడుకుంటున్న మనిషి మాత్రం నాకింతవరకు ఎదురుపడలేదు. ఆ తొందరకు కళ్లెం వేయడమే మార్గదర్శి మొదటి పని.

మొదటి రెండు వారాలు ఏమీ కొననివ్వకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల జాబితాను చదివించండి. 1995 చట్టంలో ఏడు రకాలే ఉండేవి. కంటికి కనిపించని వైకల్యాలు ఎన్ని ఉన్నాయో పిల్లలకు అప్పుడే తెలుస్తుంది. తర్వాత ఒక మనిషిని ఎంచుకుని, ఆయన అనుమతితో, ఉదయం నుంచి భోజనం వేళ దాకా ఆ ఇంట్లో గడపనివ్వాలి. పరిచయాలు లేకపోతే 1969 నుంచి ఈ జిల్లాలో పనిచేస్తున్న ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వంటి సంస్థల్లో దివ్యాంగుల విభాగాన్ని అడగవచ్చు. పక్కనున్న బంధువును కాక ఆ మనిషినే ప్రశ్న అడగడం, అన్నా, అక్కా, పెద్దాయనా అని పిలవడం, 'పాపం' అన్న మాట నోట రానీయకపోవడం ముందే అలవాటు చేయించండి. ఆయన పని మానుకుని సమయమిస్తుంటే ఆ రోజు కూలి, ఆటో ఖర్చు ప్రాజెక్టు డబ్బులోంచే ఇవ్వాలి. నోటుపుస్తకంలో చూసినది ఒకవైపు, ఊహించినది మరోవైపు రాయించండి.

ఇలా చూడటం వల్ల ఎంత తేడా వస్తుందో ఒక బృందం నాకు నేర్పింది. వేళ్లకు పట్టులేని పెద్దాయన కోసం లావుపాటి పిడి ఉన్న చెంచా బొమ్మ గీసుకొచ్చిన పిల్లలను మధ్యాహ్నం ఆయన ఇంటికి పంపాను. ఆయన తినేది రాగిసంగటి. దాన్ని చేత్తో తుంచుకుని పప్పులో అద్దుకోవలసిందే గాని చెంచాతో పని లేదు. తుంచబోయినప్పుడల్లా పళ్లెం జారిపోవడమే ఆయన బాధ. చివరికి అంచు ఎత్తైన పళ్లెం అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికించి ఇచ్చారు. 'ఇది కూడా ప్రాజెక్టేనా సార్?' అని ఒకమ్మాయి చిన్నబుచ్చుకుంది. అవునని ఒప్పించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. 1968లో వైద్యుడు పి.కె. సేథీ, చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి చేసిన జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు సంగతి అప్పుడే చెప్పాను. బూటు తొడుక్కుని కుర్చీలో కూర్చునేవారికి తగిన విదేశీ పాదం, బాసింపట్టు వేసుకుని కూర్చునే, చెప్పుల్లేకుండా పొలంలో నడిచే మనిషికి అక్కరకు రాలేదు గనకనే ఆ కాలు పుట్టింది.

సెన్సార్ నిజంగానే కావలసిన చోట దాని హద్దులను పిల్లల చేతనే కనిపెట్టించండి. చెవికి వినపడని ధ్వనిని పంపి, అది తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం చెప్పే, చవకగా దొరికే అల్ట్రాసోనిక్ సెన్సార్ రెండు సెంటీమీటర్ల నుంచి నాలుగు మీటర్ల దాకా కొలుస్తుందని కాగితం మీద ఉంటుంది. మెత్తని బట్ట ఆ ధ్వనిని పీల్చుకుంటుంది కాబట్టి చీరకట్టుకున్న మనిషి గోడంత స్పష్టంగా దానికి తెలియదు. నేలమీది గుంతను మామూలు తెల్లకర్రే చెబుతుంది; అది చెప్పలేనిది ఛాతీ ఎత్తున ఉండే కొమ్మ, ఆగి ఉన్న లారీ వెనుక భాగం. సంతలో బజర్ ఆపకుండా మోగితే, చెవినే నమ్ముకుని నడిచే మనిషికి ఉన్న ఆధారం కూడా పోతుంది. అందుకే చేతికి తెలిసే కంపనం మేలు.

త్రీడీ ప్రింటర్‌లో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల వద్దే మెత్తబడుతుంది. మన ఎండాకాలంలో తలుపులు మూసి ఉంచిన కారులో పెట్టి చూస్తే ఆ పాఠం తానే అర్థమవుతుంది. ఊళ్లోని సైకిల్ షాపులో ఉండే 8, 10 నంబరు స్పానర్లతో విప్పగలిగే బోల్టులే వాడమనండి. పాడైతే దాన్ని బాగుచేసేది ఆ మేస్త్రీయే తప్ప పరీక్షలు రాసి వెళ్లిపోయిన విద్యార్థి కాదు.

వంకర అతుకైనా సరే, తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ పిల్లల చేతిలోంచి తీసుకోకండి. అయితే ఒంటికి తగిలే వస్తువు విషయంలో ఉపేక్ష తగదు. స్పర్శ తెలియని కాళ్లకు కట్టేదైతే మొదట పావుగంటే ఉంచి, తీసి, చర్మం చూడాలి. ఎరుపు అరగంటలో పోకపోతే దాన్ని పక్కన పెట్టి ఫిజియోథెరపిస్టును అడగాలి. ఒంటి బరువు మోసే కృత్రిమ కాళ్ల జోలికి విద్యార్థులు అసలు పోకూడదు.

పరికరం ఇచ్చిన రోజు ఆ మనిషి ఫొటోలు వద్దంటే వద్దనే అర్థం. వారం తర్వాత, నెల తర్వాత, మూడు నెలల తర్వాత ఒక్కోసారి ఆ ఇంటికి వెళ్లి రావాలని ముందే ఒప్పందం చేసుకోండి. అది అటక మీదికి చేరి ఉంటే నొచ్చుకోకుండా దింపించి, అక్కడే కూర్చుని, ఎక్కడ అడ్డం వచ్చిందో ఆయన చెప్పినట్టే రాసుకుని, ఆ కాగితాన్ని తర్వాతి బృందం చేతిలో పెట్టండి.