ఎడ్లబండి చక్రానికి ఇనుప కమ్మి ఎక్కించడం: పాత పద్ధతి, కొలతలు

పందొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా తెలుగు నేలలో దూరాభారపు సరుకు ఎక్కువగా ఎద్దుల వీపు మీదే సాగింది. కోస్తా ఉప్పును లంబాడీలు పెరికెద్దుల మీద లోపలి ప్రాంతాలకు చేర్చి, ధాన్యం తీసుకుని తిరిగొచ్చేవారు. కంకర రోడ్లు పడ్డాక బండ్లు పెరిగాయి. 1856లో మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా రైలు నడిచిన తర్వాత కూడా, ఊళ్ల నుంచి స్టేషనుకు సరుకు చేరవేసింది ఎడ్లబండే. ఆ బండి కంకర మీద ఏళ్ల తరబడి విడిపోకుండా నడవడానికి కారణం చక్రం చుట్టూ బిగిసిన కమ్మి, అంటే ఇనుప పట్టాను వంచి అతికిన వలయం. అది కొయ్య అరగకుండా వేసే తొడుగు మాత్రమే అనుకుంటారు. అసలు పని వేరు. చక్రంలోని పందొమ్మిది కొయ్య ముక్కలనూ నడిమికి నొక్కి ఒక్కటిగా పట్టి ఉంచేది అదే. అందుకే కమ్మి కొలత తప్పితే ఎంత మంచి వడ్రంగం చేసినా వృథా.

ఆ పందొమ్మిది ముక్కలు ఇవి: మధ్యలో నాభి ఒకటి (ప్రాంతాన్ని బట్టి కుంభి, కుండ అనీ అంటారు), నాభి నుంచి అంచు దాకా వెళ్లే కొయ్య కడ్డీలైన ఆకులు పన్నెండు, చుట్టూ వంపు తిరిగిన పూటీలు ఆరు. ఒక్కో పూటీలో రెండేసి ఆకులు దిగుతాయి. పూటీకి పూటీకి మధ్య చిన్న కొయ్య చీల ఉంటుంది. నాభికి, పూటీలకు నల్లతుమ్మ బాగా నిలుస్తుంది, ఇరుగుడు దొరికితే ఇంకా మంచిది. కొయ్య ఇరుసుల కాలంలో ఇరుసుకు చిరుమాను వాడేవారు. ఇంగ్లీషువాళ్లు ఆ చెట్టుకు పెట్టిన పేరులోనే (యాక్సిల్‌వుడ్) ఇరుసు ఉంది.

కొయ్య ఆరాలి. పచ్చి నాభిలో ఆకులు దిగ్గొడితే ఆరు నెలల్లో కన్నాలు వదులవుతాయి, ఆ తర్వాత ఏ కమ్మీ దాన్ని కాపాడలేదు. నాభి లావుపాటి దుంగ కాబట్టి నీడలో కనీసం రెండేళ్లు ఆరనివ్వాలి, కోసిన పూటీలకు ఏడాది చాలు. కమ్మి ఎక్కించడానికి మంచి అదను చైత్ర వైశాఖాలు. అప్పుడు కొయ్య పూర్తిగా ముడుచుకుని ఉంటుంది, వానలకు ఉబ్బినప్పుడు బిగువు పెరుగుతుంది. శ్రావణంలో ఎక్కించిన కమ్మి మరుసటి వేసవికి గలగలమంటుంది.

చక్రం బిగించేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది ఆకు కొస. అది పూటీ కన్నంలో బయటి అంచుకు 3 మి.మీ. లోపలే ఆగాలి. బయటికి పొడుచుకొస్తే కమ్మి నొక్కుడంతా ఆకుల మీదే పడి, పూటీలు వదులుగా మిగిలిపోతాయి. రెండోది పూటీల మధ్య సందు. ప్రతి అతుకు దగ్గర సుమారు 3 మి.మీ. ఖాళీ వదలాలి, ఆరు అతుకులకు మొత్తం 18. సందు వదలకపోతే పూటీలు ఒకదానికొకటి ఒరుసుకుని అక్కడే ఆగిపోతాయి. అప్పుడు నొక్కుడు ఆకుల దాకా, నాభి దాకా చేరదు. కమ్మి బిగుతుగానే ఉన్నా నాభి దగ్గర ఆకులు ఆడుతున్నాయంటే కారణం దాదాపుగా ఇదే. చూడ్డానికి సందు లేని అతుకు అందంగా ఉంటుంది కాబట్టి కొత్తగా పని నేర్చుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే తప్పుతారు.

ఇక కొలత. తాడుతో కొలవకండి, తాడు సాగుతుంది. చేతిలో పట్టే చిన్న బిళ్ల చక్రం చేసుకుని, దాని అంచున సుద్దతో గీత పెట్టి, పూటీల మీద ఒక చుట్టు దొర్లించండి. ఎన్ని చుట్లు తిరిగిందో, చివర ఎంత మిగిలిందో రాసుకోండి. కమ్మి లోపలి వైపునూ అదే బిళ్లతో కొలవాలి. రెండు వేర్వేరు సాధనాలతో కొలిస్తే వచ్చే పొరపాటే చక్రానికీ కమ్మికీ మధ్య మనకు కావలసిన తేడాను మింగేస్తుంది.

మీటరున్నర వ్యాసం, అంటే దాదాపు ఐదడుగుల చక్రం అనుకుందాం. చుట్టుకొలత 4,710 మి.మీ. కమ్మి లోపలి చుట్టు దీనికన్నా ఎంత తక్కువ ఉండాలంటే, సందుల మొత్తానికి ఇంకో నాలుగైదు మి.మీ. కలిపినంత. 18 మి.మీ. సందులు మూసుకోవడానికి, పై నాలుగు కొయ్యను నొక్కడానికి. మొత్తం 22 తీసేస్తే కమ్మి లోపలి చుట్టు 4,688. పట్టా వంచినప్పుడు లోపలి వైపు కుదించుకుపోతుంది కాబట్టి మందాన్ని 3.14తో హెచ్చించి కలపాలి: 12 మి.మీ. మందానికి 38. అంటే 4,726 మి.మీ. పట్టా కావాలి. కొలిమిలో కొసలు ఒకదానిపై ఒకటి వేసి అతికేట్లయితే మరో 12 నుంచి 15 మి.మీ. కలుపుకోండి. 55 మి.మీ. వెడల్పు పట్టా అయితే ఒక్క కమ్మి పాతిక కిలోల దాకా తూగుతుంది.

పాతకాలపు కమ్మరి కొసలను తెల్లగా కాగేదాకా కాచి, ఇసుక చల్లి, సమ్మెటతో కొట్టి అతికేవాడు. ఇసుక కరిగి ఇనుము మీది పొక్కును ఊడ్చేస్తుంది. ఇప్పుడు కరెంటు వెల్డింగు చేయిస్తున్నారు, తప్పు లేదు. కానీ లోపలి వైపు వెల్డింగు గడ్డను సాపుగా రుద్దించాలి. ఆ బొడిపె పూటీని ఒకే చోట పొడిచి చీలుస్తుంది.

ఎక్కించే రోజు కనీసం నలుగురు ఉండాలి. ముందు నేలను మట్టంగా సరిచేసి, మధ్యలో నాభి పట్టేంత గుంత తవ్వి చక్రాన్ని పడుకోబెట్టండి. పూటీలన్నీ నేలకు సమంగా ఆనాలి. ఒక పక్క ఎత్తు ఉంటే ఆ వంకర కమ్మితో పాటే శాశ్వతంగా బిగుసుకుపోతుంది. పది అడుగుల దూరంలో కమ్మిని రాళ్ల మీద ఎత్తి పెట్టి, కిందా పైనా పక్కలా పిడకలు పేర్చి చుట్టూ నాలుగైదు చోట్ల నిప్పంటించండి. పిడక నిప్పు నిదానంగా, అన్ని వైపులా ఒకేలా కాలుతుంది, అందుకే కట్టెల కన్నా మేలు. గాలి ఒక వైపు నుంచి కొడుతుంటే తడిక అడ్డం పెట్టాలి.

ఎంతసేపు అని లెక్క పెట్టుకోవద్దు, రంగు చూడాలి. నీడలో మసక ఎరుపు కనిపించాలి. ఎండలో ఆ ఎరుపు కనబడదు కాబట్టి ఈ పని తెల్లవారుజామున గానీ సాయంత్రం గానీ పెట్టుకుంటారు. ఆ వేడికి మన కొలత కమ్మి 35 నుంచి 40 మి.మీ. సాగుతుంది. తీసేసిన 22 పోను మిగిలేది వ్యాసంలో నాలుగైదు మి.మీ. వెసులుబాటు, అంతే. కాబట్టి తడబాటుకు తావు లేదు. పొడవాటి పట్టకార్లతో ముగ్గురు ఎత్తి, ఒక పక్క ముందు తగిలించి మిగతాది దించాలి, నాలుగో మనిషి సమ్మెటతో మట్టం చేయాలి. కొయ్య భగ్గున మండుతుంది, బెదరొద్దు. కమ్మి సరిగ్గా కూర్చున్న క్షణమే నీళ్లు పోయాలి, చుట్టూ తిరుగుతూ. ఒకే చోట గుమ్మరిస్తే అక్కడే ముందు ముడుచుకుని కమ్మి పక్కకు జరుగుతుంది. సందులు మూసుకుంటూ అతుకులు కిర్రుమని అరుస్తాయి. అవి ఆరూ మూసుకున్నాయో లేదో కంటితో చూడండి.

చల్లారాక చిన్న సుత్తితో ప్రతి పూటీనీ తట్టాలి. గట్టి శబ్దం వస్తే సరే, బొంగురుగా పలికిన చోట నొక్కుడు చేరలేదు. చక్రం ఒక వైపు గిన్నెలా వంగిపోయినా, ఆకులు విల్లులా ఒంగినా తేడా ఎక్కువ పెట్టారని అర్థం. కోసి మళ్లీ చేయడం తప్ప దారి లేదు.

వేసవిలో కమ్మి వదులైతే బండిని చెరువులో దింపి చక్రాలను నానబెట్టడం పాత అలవాటు. ఒక ప్రయాణం గడవడానికి పనికొస్తుంది. మాటిమాటికీ చేస్తే మాత్రం ఉబ్బిన కొయ్య ఇనుముకు ఒత్తుకుని నార నలిగి, ఆరినప్పుడు మునుపటికన్నా వదులవుతుంది. రెండేళ్లు వరసగా నానబెట్టవలసి వస్తే కమ్మిని విప్పి, సందులు మళ్లీ కొలిచి, కావలసినంత ముక్క కోసి అతికించండి. అలా విప్పినప్పుడు ఆకు కొసలు కూడా చూడండి. పూటీ అరిగి కొస పైకి తేలి ఉంటే మళ్లీ 3 మి.మీ. లోపలికి చెక్కాలి.

కందెన సంగతి కూడా మరవొద్దు. కమ్మితో కలిపి ఈ చక్రం కిలోమీటరుకు సుమారు 210 సార్లు తిరుగుతుంది, ఇరవై కిలోమీటర్ల ప్రయాణానికి నాలుగు వేల పైచిలుకు. వరిగడ్డి మసిని ఆముదంలో కలిపి వెదురు గొట్టంలో పోసి బండి కిందే వేలాడదీసుకునేవారు. చక్రం జారిపోకుండా ఇరుసు కొసన పెట్టే శీల తీసి, చక్రాన్ని బెత్తెడు బయటికి లాగి, ఇరుసు చుట్టూ పూసి, శీల మళ్లీ దిగ్గొట్టాకే ఎద్దులను కట్టాలి.