పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ముందు ఫోర్కులు గట్టిపరచడం

బ్రేకు వేయగానే బండి ముక్కు నేలకి దిగిపోతోందా? స్ప్రింగులు కొనే ముందు ఫోర్కు రాడ్లను, అంటే ముందు చక్రానికి అటూ ఇటూ ఉండే మెరిసే గొట్టాలను, గోటితో నిమరండి. మా శ్రీకాకుళంలో కళింగపట్నం వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలికి క్రోము పొక్కిపోతుంది. గోరు తట్టుకుందా, కొత్త ఆయిల్ సీలు (ఆయిలు కారకుండా ఆపే రబ్బరు రింగు) కూడా చిరిగిపోతుంది. ముందు రాడ్డు సంగతి చూడాలి.

ఇంజను కింద దిమ్మ పెట్టి చక్రం లేపండి. ఫోర్కు పైమూత కింద స్ప్రింగు తోస్తుంటుంది, మొహం పక్కకి పెట్టి విప్పండి. స్ప్రింగులు పక్కపక్కన నిలబెట్టండి. ఒకటి పొట్టిదైతే జత మొత్తం మార్చాల్సిందే, బేరాల్లేవు.

ఫోర్కు ఆయిలు 10 గ్రేడు నుంచి కాస్త చిక్కనైన 15కి మారిస్తే ఊగుడు తగ్గుతుంది. ఇంకా చిక్కనిది పోస్తే గతుకులన్నీ మణికట్టుకే. ఫోర్కు రెండు కాళ్లలోనూ ఆయిలు మట్టం సమానంగా ఉండాలి.

మీరెక్కి కూర్చుంటే ఫోర్కు తన మొత్తం కదలికలో పావు నుంచి మూడో వంతు దిగాలి. అంతకు మించితే స్ప్రింగు మీద చిన్న స్పేసరు (గొట్టం ముక్క) వేయండి.