ఆస్తమాతో కొత్త దేశానికి వచ్చారా? ఫోన్‌ని ఇలా వాడుకోండి

దేశం మారేటప్పుడు ఇన్‌హేలర్లు ఎవరూ మర్చిపోరు. ఒకటి చాలంటే నాలుగు సర్దుకుంటాం. మర్చిపోయేది పీక్ ఫ్లో మీటర్ని, అంటే ఊపిరి ఎంత వేగంగా బయటికి వదలగలమో కొలిచేదాన్ని. ఊదితే ముల్లు జరిగే ఆ చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని 'అక్కడ కొనుక్కోవచ్చులే' అని వదిలేస్తాం. కొనుక్కోవచ్చు, నిజమే. కానీ మీటర్లన్నిటికీ ఒకే కొలబద్ద ఉండదు. 'రైట్' (Wright) అనే పాత స్కేలు మీద, ఇప్పటి యూరప్ ప్రమాణం మీద ఒకే ఊపిరి రెండు వేర్వేరు అంకెలు చూపిస్తుంది. మీటర్ మారినప్పుడు అంకె తగ్గితే ఊపిరితిత్తులే దెబ్బతిన్నాయేమోనని లేనిపోని టెన్షన్. పాతది వెంట తెచ్చుకోండి. కొత్తది కొంటే కొన్నాళ్లు రెండూ ఊది, రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి.

ఇందులో ఫోన్ చేసే పని కొలవడం కాదు, గుర్తుపెట్టుకోవడం. పొద్దున, రాత్రి, మందు పీల్చకముందు, నిలబడి మూడుసార్లు గట్టిగా ఊదండి. మూడింట్లో పెద్ద అంకె రాయండి, సగటు కాదు. ఆరోగ్యం బాగున్న రెండు మూడు వారాల్లో వచ్చిన అతి పెద్ద అంకే మీ 'పర్సనల్ బెస్ట్'. అది 450 అనుకుందాం. 360 పైన, అంటే 80 శాతం దాటి ఉంటే ఆకుపచ్చ. 225 నుంచి 360 దాకా పసుపు. సగం కంటే తగ్గితే ఎరుపు. ఈ అంకెలు రాసుకునే ఆస్తమా యాప్ ఈ లెక్క తనే వేస్తుంది, కానీ పర్సనల్ బెస్ట్ తప్పుగా ఇస్తే రంగులన్నీ తప్పే. ఏ రంగులో ఏ మందు ఎంత వాడాలో డాక్టర్ చేత రాయించుకుని ఆ కాగితం ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

మొదటి వారం అంకెలు కాస్త అటూఇటూ ఊగవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లకి తెల్లవారుజామున ఊపిరి బిగుసుకోవడం మామూలు. కొత్త చోట గడియారం మారినా ఒళ్లు వెంటనే మారదు. రిమైండర్లు కొత్త టైముకి సర్దుకున్నాయో లేదో చూసుకోండి.

ఇక నేను చేసిన పొరపాటు. నా యాప్‌కి లాగిన్ పాత నంబరుతో ఉండేది. ఆ సిమ్ ఆగిపోయింది, ఓటీపీ రాలేదు, మూడు నెలల రీడింగులు నా ఫోన్‌లోనే ఉండి నాకే అందలేదు. కొత్త డాక్టర్ దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లాను. బయల్దేరేముందే లాగిన్‌ని ఈమెయిల్‌కి మార్చి, రికార్డంతా పీడీఎఫ్‌గా దించుకోండి. ఇప్పటికే వచ్చేసి ఉంటే, పాత సిమ్ బతికి ఉండగానే ఆ పని కానివ్వండి. మిమ్మల్ని ఎరగని డాక్టర్‌కి 'అప్పుడప్పుడు ఆయాసం వస్తుందండీ' అనడం కంటే ఆ గ్రాఫ్ ఎక్కువ చెబుతుంది. దాంతోపాటు రిలీవర్, అంటే ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తగ్గడానికి పీల్చే ఇన్‌హేలర్, వాడిన ప్రతిసారీ తేదీ, టైము రాసి ఉంచండి. వారానికి ఎన్నిసార్లు వాడారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది అన్నవి తప్పకుండా అడుగుతారు. మీరు ఇన్‌హేలర్ పీల్చే తీరు ఎవరిచేతనైనా ఒకసారి వీడియో తీయించి చూపించండి. తప్పులు అక్కడే దొరుకుతాయి.

ఫోన్ మైకులోకి ఊదితే ఊపిరి కొలుస్తామనే యాప్‌లు కనిపిస్తాయి. ఆలోచన వట్టిది కాదు, 2012లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఊదిన శబ్దం నుంచి ఊపిరితిత్తుల పనితీరు అంచనా వేసి చూపించారు. అంతమాత్రాన స్టోర్‌లో దొరికే ప్రతి యాప్‌నీ నమ్మి మందు మార్చకండి. కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెప్పేవాటి జోలికి అసలు పోవద్దు. ఆస్తమాలో రక్తంలోని ఆక్సిజన్ తరచుగా ఆలస్యంగా పడిపోతుంది. 97 శాతం చూసి ధైర్యంగా కూర్చుంటే మోసపోతాం.

గాలి నాణ్యత యాప్‌లో ఇంకో తిరకాసుంది. అమెరికా సూచీ 0 నుంచి 500, బ్రిటన్‌ది 1 నుంచి 10. కెనడాది కూడా 1తో మొదలై 10 దాటుతుంది, కానీ లెక్క వేరు. ఒకదానికి అలవాటుపడిన కళ్లతో ఇంకోటి చూస్తే అర్థం తారుమారు. పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నని ధూళి, మైక్రోగ్రాముల్లో ఎంతో చూడండి, అది ఎక్కడైనా ఒకటే. పుప్పొడి సూచన కూడా ఆన్ చేసుకోండి. 2016 నవంబరులో మెల్‌బోర్న్‌లో ఉరుముల వాన, గడ్డి పుప్పొడి కలిసి ఒక్క సాయంత్రంలో వేలమందిని ఆసుపత్రులకు పంపాయి. పుప్పొడి కాలంలో గాలివాన హెచ్చరిక వస్తే కిటికీలు మూసి లోపలే ఉండండి.

మందుల పెట్టెలన్నిటికీ ఫొటోలు తీసుకోండి, కంపెనీ పేరే కాక అసలు మందు పేరు, మోతాదు కనపడేలా. రిలీవర్‌లో ఉండే సాల్బుటమాల్‌ని అమెరికాలో ఆల్బుటెరాల్ అంటారు. రెండూ ఒకటే.

చివరిగా, ఫోన్ తాళం తీయకుండానే కనిపించే అత్యవసర సమాచారంలో ఆస్తమా అనీ, మందుల పేర్లూ, ఇంటివాళ్ల నంబరూ నింపండి. అక్కడి అంబులెన్స్ నంబరు నోటికి రావాలి. వాక్యం పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, రిలీవర్ పనిచేయకపోయినా, అంకె ఎరుపులో పడినా యాప్ తెరవద్దు, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. ఆయాసం అలాగే ఉండి పిల్లికూతలు మాత్రం ఆగిపోతే అది తగ్గినట్టు కాదు, ఇంకా ప్రమాదం. ఆ సమయానికి మీకు మాట పెగలకపోవచ్చు. అందుకే మీ గదిలో ఉండేవారికి ముందే చూపించి పెట్టండి, ఇన్‌హేలర్ ఏ సొరుగులో ఉందో, ఫోన్‌లో ఆ పేజీ ఎలా తెరవాలో, అడ్రసు ఎలా చెప్పాలో.