ఎండాకాలంలో కుక్కకి ఇంట్లోనే ఫ్రూట్ ఐస్: ఏం వెయ్యాలి, ఏం వెయ్యకూడదు, ఎంత పెట్టాలి

ఏప్రిల్ సగానికొచ్చిందంటే కుక్క ఉన్న ప్రతి ఇంట్లో ఒకటే కథ, డ్రై ఫుడ్ వాసన చూసి వెళ్ళిపోద్ది, పెరుగన్నం సగం తిని వదిలేస్తది, మిగతా రోజంతా బాత్రూం గచ్చు మీద బోర్లా పడుకుని నాలుక బయటేసి రొప్పుతూ ఉంటది. రెంటచింతల, రామగుండం వైపు 45 దాటే రోజుల్లో మనకే దిక్కు తోచదు, ఇక ఒంటి నిండా బొచ్చున్నదాని సంగతి చెప్పేదేముంది. దానికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల కింద కొంచెం పడుతుందంతే, వేడి బయటికి పోవాలంటే ప్రధానంగా రొప్పడమే దారి, రొప్పిన కొద్దీ ఒంట్లో నీళ్ళు పోతూ ఉంటాయి. అందుకే ఈ ఫ్రూట్ ఐస్ అనేది స్వీటు కింద కాదు, నీళ్ళు లోపలికి పంపే ఒక ఉపాయం కింద చూడండి. అలా చూస్తే ఎంత పండు, ఎంత నీళ్ళు అన్నది దానంతటదే సెట్ అయిపోద్ది.

ముందు ఏం వెయ్యకూడదో చెప్తాను, చెయ్యడం పెద్ద విషయం కాదు, ఇదే అసలు విషయం. ఇంట్లో ఫ్రూట్ సలాడ్ మిగిలింది కదా ఫ్రీజర్‌లో పెట్టి దానికే వేసేద్దాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది, వద్దు. అందులో ద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తాయి, ఎంత తింటే ప్రమాదం అని గట్టిగా చెప్పగలిగే లెక్క లేదు, ఒక కుక్క గుప్పెడు తిని బాగానే ఉంటది, ఇంకోటి నాలుగు తిని మంచాన పడుద్ది. 2021లో అమెరికాలో జంతువుల పాయిజన్ కేసులు చూసే డాక్టర్లు దీనికి కారణం టార్టారిక్ యాసిడ్ అయ్యుండొచ్చని రాశారు, ఇక్కడ మనం చెవులు రిక్కించాల్సిన సంగతేంటంటే ఆ యాసిడ్ మన చింతపండులో దండిగా ఉంటుంది. అంటే పులిహోర, చింతపండు రసం, చారన్నం కూడా ఆ లిస్టులోకే వస్తాయి. "మావాడు చిన్నప్పట్నుంచి చారన్నమే తింటున్నాడు ఏం కాలేదు" అనేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు, ఉండనీండి, మీరు మాత్రం పెట్టకండి.

రెండోది జైలిటాల్, షుగర్ ఫ్రీ అని రాసున్న వాటిలో వేసే తీపి. మనిషికి ఏమీ కాదు కానీ కుక్కకి ఒక్కసారిగా ఇన్సులిన్ ఎగదన్ని షుగర్ పడిపోద్ది, డోస్ ఎక్కువైతే లివర్ కూడా పోతుంది. చూయింగ్ గమ్‌లు, డైట్ స్వీట్లు, కొన్ని రకాల పీనట్ బటర్లలో ఉంటుంది. మన దగ్గర ప్యాకెట్ వెనక పేరు బదులు స్వీటెనర్ 967 అని నంబర్ ఒక్కటే ఉండొచ్చు, ఆ నంబర్ గుర్తుపెట్టుకోండి. పీనట్ బటర్ కావాలనుకుంటే వేయించిన పల్లీలు పొట్టు తీసి మిక్సీలో ఆడించుకోండి, ఉప్పు చక్కెర ఏమీ లేకుండా, షాపు డబ్బా కంటే చవక కూడా.

ఇక గింజలు. ఆపిల్ గింజల్లో, చెర్రీ గింజల్లో సైనైడ్ తయారయ్యే పదార్థం ఉంటుంది. మామిడి టెంక అయితే విషం సంగతి తర్వాత, పేగులో అడ్డం పడితే ఆపరేషనే, అది టెంకని చీకుతుంటే ముద్దుగానే ఉంటది గానీ ఒక్క క్షణంలో మింగేస్తది. సీతాఫలం జోలికి అసలు వెళ్ళకండి, గింజలు మంచివి కాదు, ఒక్కటి కూడా మిగలకుండా తియ్యడం మనిషి వల్ల అయ్యే పని కాదు. సపోటా గుజ్జు కొంచెం పర్లేదు కానీ తీపి ఎక్కువ. బత్తాయి, కమలా పులుపు చాలా కుక్కలు మూతి తిప్పేస్తాయి, ఒకవేళ తిన్నా కడుపులో పడదు, వదిలెయ్యండి. చక్కెర, తేనె, ఉప్పు, యాలకుల పొడి, రోజ్ సిరప్ ఇవేవీ అక్కర్లేదు. చాక్లెట్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి చెప్పట్లేదు.

సరే మిగిలినవి ఏంటి అంటే మన ఎండాకాలం పళ్ళలో మంచివే చాలా ఉన్నాయి: పుచ్చకాయ, కర్బూజ, అరటిపండు, బొప్పాయి, మామిడి, ఆపిల్. పండు కాకపోయినా కీర దోసకాయ, క్యారెట్ కూడా ఇందులో కలుపుతాను, బరువు ఎక్కువున్న ల్యాబ్‌కి (లాబ్రడార్) కీరని మించింది లేదు, వంద గ్రాములకి 15 కేలరీలే.

నాకు అన్నిటికంటే నచ్చింది పుచ్చకాయ పెరుగు. గింజలు, తొక్క, ఆ తెల్ల భాగం అంతా తీసేసి ఎర్ర ముక్కలు ఒక 300 గ్రాములు, కమ్మటి పెరుగు 100 గ్రాములు మిక్సీలో వేసి ఒక్క తిప్పు తిప్పండి చాలు, మరీ నురగ రానవసరం లేదు. పెరుగు ఇంట్లో తోడు పెట్టిందే, పుల్లగా అయింది కాదు, షాపులో దొరికే ఫ్లేవర్ల పెరుగు అసలే కాదు. పాలు ఎందుకు వద్దంటే వయసొచ్చిన కుక్కల్లో చాలావాటికి పాలలో ఉండే లాక్టోజ్ అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి, పెరుగులో అది కొంత తగ్గిపోయి ఉంటుంది కాబట్టి ఎక్కువ కుక్కలకి పడుతుంది. కొన్నిటికి అదీ పడదు, అప్పుడు పెరుగు తీసేసి ఉత్త పుచ్చకాయ, నీళ్ళు కలిపి చేసుకోవడమే. ఈ కొలతకి మామూలు ఐస్ ట్రేలో 20 ముక్కల దాకా వస్తాయి, ఒక్కోదాంట్లో 7, 8 కేలరీలు ఉంటాయంతే.

అరటిపండు అయితే బాగా మగ్గింది, తొక్క మీద నల్ల మచ్చలు వచ్చి ఇంట్లో ఎవరూ ముట్టని ఆ పండే దీనికి బెస్ట్. ఒక పండు, 150 గ్రాముల పెరుగు, కొంచెం నీళ్ళు, మెత్తగా మెదిపి పోసెయ్యడమే. ఇది గడ్డకట్టినా కుల్ఫీలా కొంచెం మెత్తగానే ఉంటది కాబట్టి ముసలి కుక్కలకి, పళ్ళు సరిగ్గా లేనివాటికి ఇదే చెయ్యండి. కాకపోతే తీపి ఎక్కువ, ముక్కకి 12 కేలరీల దాకా పడతాయి.

మామిడి వారానికోసారి చాలు. బంగినపల్లి అయితే పీచు ఉండదు, మిక్సీలో శుభ్రంగా నలుగుతుంది, రసాలు అయితే జల్లెడ పట్టుకోవాలి లేదంటే ఆ పీచు దాని పళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. తొక్క పూర్తిగా తీసెయ్యండి. ఒక వంతు మామిడికి రెండు వంతుల నీళ్ళు, ఒక వంతు పెరుగు కలిపితే చాలు, రంగు, వాసన ఉంటే దానికి అదే మామిడి. కార్బైడ్‌తో మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం, అయినా మార్కెట్లో కొన్న పండుని కాసేపు నీళ్ళలో నానబెట్టి కడగడం మనకీ మంచిదే దానికీ మంచిదే.

బొప్పాయి మాత్రం పెరుగుతో కలపకండి, అందులో ఉన్న ఎంజైమ్ పాల ప్రోటీన్‌ని విరగ్గొట్టి కాసేపటికి చేదెక్కిపోతుంది, నీళ్ళతోనే తిప్పండి. గింజలు తీసెయ్యాలి. కొబ్బరి నీళ్ళు కొంచెం కలపొచ్చు కానీ పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ, గుండె ప్రాబ్లం ఉన్న కుక్కకి వెట్‌ని, అంటే కుక్కల డాక్టర్ని అడక్కుండా వద్దు. షుగర్ ఉన్న కుక్కకి అయితే పండు ఏదైనా సరే అడిగే పెట్టాలి.

దేంట్లో పొయ్యాలి అనేది చిన్న విషయం అనుకుంటాం కానీ కాదు. ఐస్ ట్రే ముక్క పామ్ (పొమేరియన్), షిట్జూ లాంటి చిన్న జాతులకి సరిపోద్ది, అదే ల్యాబ్ నోట్లో వేస్తే నమలదు, గుటుక్కున మింగేస్తది, గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. అలా మింగే రకానికి ముక్కలు వద్దు, వెడల్పాటి స్టీల్ ప్లేట్‌లో పల్చగా పోసి గడ్డకట్టించి ప్లేట్‌తో సహా కింద పెట్టండి, నాకుతూ పావుగంట కూర్చుంటది, అసలు మనకి కావాల్సింది కూడా ఆ నాకడమే. లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మ ఉంటే అందులో నింపినా ఇదే పని. ఇడ్లీ రేకులు కూడా బాగా పనికొస్తాయి, చిల్లులు లేనివి, స్టీల్‌వి అయితే. పాల ప్యాకెట్ కవర్లలో పోసి గడ్డకట్టించే తెలివి చూపించకండి, కవర్‌తో సహా లోపలికి పోద్ది. ఐస్‌క్రీం పుల్ల గుచ్చడం ఫోటోకి బాగుంటుంది, కావాలంటే దాని బదులు క్యారెట్ ముక్క గుచ్చండి.

ఫ్రీజర్‌లో ఐదారు గంటలు ఉంచితే గడ్డకడతాయి. తీసిన వెంటనే పెట్టకుండా ఐదు నిమిషాలు బయట ఉంచి బొటనవేలి గోరుతో నొక్కి చూడండి, గోరు దిగితే పెట్టొచ్చు, దిగకపోతే అది దాని పళ్ళకి కూడా గట్టిదే, అలాంటి గట్టివి కొరికే వెనక పెద్ద పళ్ళు పగిలేది. ఉత్త నీళ్ళ ఐస్ కంటే పెరుగు కలిపింది మంచిది అనేది ఇందుకే.

ఎంత పెట్టాలి అంటే వెట్‌లు చెప్పే లెక్క ఒకటుంది, రోజు మొత్తం తిండిలో చిరుతిళ్ళు పదో వంతు దాటకూడదు. సుమారుగా 5 కిలోల పామ్‌కి రోజుకి 35 కేలరీలు, 10 కిలోల కుక్కకి 60, 30 కిలోల ల్యాబ్‌కి 140 దాకా అనుకోవచ్చు. ఈ లెక్కలో పొద్దున మీ నాన్నగారు కాఫీలో ముంచి దొంగచాటుగా పెట్టే బిస్కెట్లు కూడా కలుస్తాయి, గ్లూకోజ్ బిస్కెట్ ఒక్కటే 20 కేలరీల పైన ఉంటుంది, రెండు తిందంటే పామ్ కోటా అక్కడితో అయిపోయినట్టే. కేలరీల ప్రకారం పుచ్చకాయ ముక్కలు ఎక్కువే పెట్టొచ్చనిపిస్తుంది కానీ చిన్న కుక్కకి రెండు, మధ్యరకానికి మూడు నాలుగు చాలు, కడుపు కూడా తట్టుకోవాలి కదా. తల్లిపాలు మాననివాటికి అసలు వద్దు.

ఎప్పుడు పెట్టాలంటే వాకింగ్ నుంచి రొప్పుతూ వచ్చిన వెంటనే కాదు. ముందు మామూలు నీళ్ళు కొంచెం కొంచెంగా తాగనిచ్చి, ఫ్యాన్ కింద పది పదిహేను నిమిషాలు ఊపిరి కుదురుకున్నాక పెట్టండి. ఐస్ తింటే కుక్క కడుపు మెలిపడి చచ్చిపోద్ది అని ప్రతి మే నెలలో వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది, ఐస్ వల్లే అలా అవుతుందనడానికి ఆధారం లేదు, కానీ ఏదైనా ఒకేసారి ఆత్రంగా గడగడా లోపలికి పోవడం మాత్రం పెద్ద ఛాతీ ఉన్న జాతులకి మంచిది కాదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. వడదెబ్బకి ఇది మందు కాదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, 104 దాటి, తూలుతూ, చిగుళ్ళు ముదురు ఎరుపెక్కి, చిక్కటి చొంగ కారుస్తూ ఉంటే నోట్లో ఐస్ ముక్క పెట్టుకుంటూ కూర్చోకండి, ఒళ్ళంతా మామూలు నీళ్ళతో తడిపి ఫ్యాన్ గాలి తగిలేలా చేస్తూ వెంటనే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి. పగ్, బుల్‌డాగ్ లాంటి ముక్కు అణిగిన జాతులకి ఇది చాలా త్వరగా వస్తుంది.

చేసినవి మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి తేదీ రాసి పెట్టుకుంటే రెండు వారాల్లోపు వాడుకోవచ్చు, సగం నాకి వదిలేసింది మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. డబ్బా మీద కుక్కది అని కూడా రాయండి, పిల్లలు తిన్నా ఏం కాదు గానీ చక్కెర వెయ్యడం మర్చిపోయావని మిమ్మల్ని అంటారు. బాల్కనీలోనో బాత్రూంలోనో పెడితే చీమల బాధ తగ్గుద్ది, తిన్నాక అక్కడ నీళ్ళు కొట్టేస్తే సరి.

కొత్త పండు ఏదైనా మొదటిసారి ఒక్క ముక్కే పెట్టి మర్నాడు దొడ్డికి ఎలా వెళ్ళిందో చూడండి. కొంచెం పల్చగా ఉంటే ఆ పండు ఆపేసి ఒకరోజు ఉత్త అన్నం, ఉడికించిన చికెన్ పెడితే సర్దుకుంటుంది. పదే పదే వాంతులు అవుతున్నా, రక్తం కనిపించినా, పొరపాటున ద్రాక్ష తిందని తెలిసినా చూద్దాంలే అని ఆగకండి, ద్రాక్ష విషయంలో కుక్క బాగానే కనిపిస్తున్నా సరే ముందే ఫోన్ చేసి ఎన్ని తిందో, ఎప్పుడు తిందో, దాని బరువెంతో చెప్పండి, డాక్టర్ మొదట అడిగేవి ఆ మూడే.