అమ్మ మందుల బిల్లు ఇలా తగ్గించాను

అమ్మకు బీపీ, షుగర్. నెల మందులకే జేబు గుల్లయ్యేది. ముందు స్ట్రిప్పు వెనక్కి తిప్పండి. బ్రాండ్ పేరు కాదు, చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కావాలి: మెట్‌ఫార్మిన్ 500, టెల్మిసార్టాన్ 40 అని. మిల్లీగ్రాములతో సహా రాసుకోండి. పక్కన ‘ఎస్‌ఆర్’ (మందు ఒంట్లోకి నెమ్మదిగా విడుదలయ్యే రకం) లాంటి అక్షరాలుంటే అవీ వదలొద్దు. నేనోసారి వదిలేసి మామూలు మెట్‌ఫార్మిన్ తెచ్చాను, అమ్మే పట్టేసింది. ఆ చీటీ డాక్టరుగారికి చూపించి, జనరిక్ (పెద్ద బ్రాండ్ పేరు లేకుండా చవగ్గా దొరికే అదే మందు) వాడొచ్చా అని అడగండి. తర్వాత ‘జన్ ఔషధి సుగమ్’ యాప్‌లో దగ్గర్లోని జన్ ఔషధి కేంద్రం (ప్రభుత్వ పథకం కింద జనరిక్ మందులమ్మే దుకాణం), మందు ధర చూసుకోండి. ఒక్కోసారి స్టాకుండదు, అందుకే ఇంట్లో పది రోజుల మాత్రలు మిగిలుండగానే బయల్దేరండి. ప్రిస్క్రిప్షన్ మర్చిపోతే మళ్లీ ఇంటికే!