వ్యాక్సిన్ మీద, లాక్‌డౌన్ మీద వాదన వస్తే ఎలా మాట్లాడాలి

నేను కోనసీమలో ఏఎన్‌ఎంని, అంటే ఊళ్లో టీకాలు వేసే నర్సుని. కరోనా టీకాలు వేసినదాన్ని, వద్దన్నవాళ్ల గుమ్మాల్లో నిలబడి మాట్లాడినదాన్ని. ఇప్పటికీ పెళ్లి భోజనాల దగ్గర, డ్వాక్రా మీటింగుల్లో, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో ఆ గొడవ లేస్తూనే ఉంది. ఆ టీకాలు మంచివేనా, ఆ లాక్‌డౌన్ అవసరమేనా అని. రేపు ఇంకో మహమ్మారి వస్తే ఈ వాదన మొదటి రోజు నుంచే మొదలవుతుంది. అందుకే కొత్తగా చేరిన ఏఎన్‌ఎంలకీ, ఆశా కార్యకర్తలకీ, ఇంట్లో పెద్దవాళ్లకి నచ్చజెప్పలేక టెన్షన్ పడే పిల్లలకీ ఇది రాస్తున్నాను.

ముందు అడగండి, తర్వాత చెప్పండి

"వద్దు" అన్నవాళ్లందరూ ఒకే కారణంతో అనరు. మా ఊళ్లో కొబ్బరి దింపు తీసే ఒకాయన, "సూది వేయించుకుంటే రెండు రోజులు జ్వరమంట కదా నర్సమ్మగారూ, ఆ రెండు రోజుల కూలి ఎవరిస్తారు?" అన్నాడు. ఆయనకి టీకా మీద అనుమానం ఏమీ లేదు. అలాంటి మనిషికి యాంటీబాడీల గురించి ఎంత చెప్పినా లాభం లేదు. దింపు లేని రోజేదో కనుక్కుని ఆ రోజు వేసి, పారాసిటమాల్ బిళ్లలు చేతిలో పెడితే సరిపోతుంది. పక్కింట్లో ఆవిడ మాత్రం నిజంగానే భయపడుతోంది, తెలిసినాయన టీకా వేయించుకున్న కొన్నాళ్లకి పోయాడని. ఆవిడకి చెప్పాల్సింది వేరు.

కాబట్టి "ఏం విన్నావమ్మా?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. మధ్యలో అందుకోకండి. చివరిదాకా చెప్పనిస్తే అసలు కారణం ఆఖరి మాటలో బయటపడుతుంది.

చావు కబురు చెప్పినప్పుడు "టీకా వల్ల కాదులే" అని వెంటనే కొట్టిపారేయకండి. అది మీకూ తెలియదు. టీకా తర్వాత చావడం, టీకా వల్ల చావడం రెండూ వేరన్నది నిజమే, కానీ ఆ మాట మొదటే అంటే ఇంకేమీ వినరు. ఆయనకి ముందు ఏమైనా జబ్బులున్నాయా, ఎన్నాళ్లకి పోయాడు, పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) ఎవరైనా చెప్పారా అని అడగండి. చెప్పకపోతే మీరే చెప్పండి. టీకా తర్వాత వచ్చే ఇబ్బందుల్ని నమోదు చేసి విచారించే పద్ధతి ఉందని, వేశాక అరగంట కూర్చోబెట్టేది కూడా అందుకేనని వివరించండి.

వయల్ చూపించండి

చాలా పుకార్లు మేం చెప్పకపోవడం వల్లే పుట్టాయి. కోవిషీల్డ్ వయల్‌లో, అంటే చిన్న మందు సీసాలో, పది డోసులు ఉండేవి. ఒకసారి తెరిచాక నాలుగు గంటల్లో వాడేయాల్సి వచ్చేది. అందుకని పది మంది పోగయ్యేదాకా తెరిచేవాళ్లం కాదు. స్కూలు వరండాలో ఆరేడుగురు ఎండలో చెమటలు కక్కుతూ కూర్చుంటే, "డబ్బా పక్కనే పెట్టుకుని వెయ్యరేంటి, ఏదో ఉంది" అని గుసగుసలు మొదలయ్యేవి. వాళ్లు అడగకముందే చెప్పాలి. టీకాలు తెచ్చే చల్లటి పెట్టె (క్యారియర్) మూత తీసి, ఐస్‌ప్యాక్‌ల మధ్య నుంచి వయల్ తీసి, పేరు, ఎక్స్‌పైరీ తేదీ వాళ్ల చేతే చదివించాలి. సిరంజి కవరు వాళ్ల ఎదురుగానే చింపాలి. నాకు తెలిసి దీన్ని మించిన ఉపన్యాసం లేదు.

కోవాక్సినా, కోవిషీల్డా?

ఇది వచ్చినప్పుడు "ఇది ఎప్పటి మాట?" అని అడగండి. సగం గొడవ అక్కడే తేలిపోతుంది. 2021 జనవరి 3న రెండింటికీ అత్యవసర అనుమతి వచ్చింది. అప్పటికి కోవాక్సిన్ మూడో దశ పరీక్షల ఫలితాలు రాలేదు, క్లినికల్ ట్రయల్ పద్ధతిలో, అంటే పరీక్షలో లాగే వేయించుకున్నవాళ్లని గమనిస్తూ, వాడమన్నారు. జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు ఏది వేయించుకోవాలో ఎంచుకునే వీలు కూడా ఇవ్వలేదు. ఆ నెలలో అనుమానపడ్డ మనిషిని మూర్ఖుడనకూడదు, చదువుకున్న డాక్టర్లే అడిగారు. ఆ తర్వాత ఫలితాలు వచ్చాయి. లక్షణాలున్న కోవిడ్ మీద 77.8 శాతం పనిచేసిందని నవంబరులో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. అదే నెల 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. జనవరి అనుమానాన్ని డిసెంబరులో కూడా పట్టుకుని కూర్చోవడం మాత్రం సరికాదు.

ఆ మధ్య నెలల్లో అమెరికా వెళ్లే పిల్లల ఇళ్లల్లో పడ్డ ఆందోళన మీకు గుర్తుండే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో కోవాక్సిన్ లేదు, యూనివర్సిటీలేమో ఆ జాబితానే అడిగేవి. హైదరాబాద్‌లో తయారైన టీకా వేయించుకున్న మన పిల్లలకే ఆ తిప్పలు. ఇక డబ్బున్నవాళ్లకి ప్రైవేటు ఆసుపత్రిలో ఎంచుకునే వీలుండేది. 2021 జూన్‌లో కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర కోవిషీల్డ్‌కి 780 రూపాయలు, రష్యా టీకా స్పుత్నిక్‌కి 1,145, కోవాక్సిన్‌కి 1,410. మా సబ్‌సెంటర్‌కి వచ్చేవాళ్లకి ఏది వస్తే అదే వేసేవాళ్లం. ఈ తేడా మీద ఎవరైనా కోప్పడితే వాదించకండి, ఆ కోపం న్యాయమైనదే.

రెండు డోసుల మధ్య గడువు మార్చడం కూడా అనుమానం పెంచింది. కోవిషీల్డ్‌కి మొదట 4 నుంచి 6 వారాలన్నారు, తర్వాత 6 నుంచి 8, మే నెలలో 12 నుంచి 16. "స్టాకు లేక లాగుతున్నారు" అన్నారు జనం. గడువు పెంచితే రక్షణ పెరుగుతుందని బ్రిటన్ అనుభవం చెప్పింది, అదే సమయానికి స్టాకు కొరత కూడా ఉంది. రెండూ చెప్పండి. ఒకటి చెప్పి రెండోది దాస్తే ఆ మొదటిది కూడా నమ్మరు.

రక్తం గడ్డల సంగతీ అంతే. ఆస్ట్రాజెనెకా టీకాతో చాలా అరుదుగా గడ్డలు వస్తాయన్నది 2021లోనే తేలింది. బ్రిటన్‌లో ఏప్రిల్‌లో 30 ఏళ్ల లోపువాళ్లకి, మేలో 40 లోపువాళ్లకి వేరే టీకా ఇవ్వమన్నారు. మన కోవిషీల్డ్ అదే టీకా. 2024లో ఆ కంపెనీ కోర్టులో ఒప్పుకుందని టీవీల్లో వచ్చేసరికి మా ఊరు ఊరంతా ఫోన్లే. "అది నిజమే, కానీ సాధారణంగా టీకా వేసిన మొదటి కొన్ని వారాల్లోనే వస్తుంది. మీరు వేయించుకుని మూడేళ్లయింది, దీనికోసం ఇప్పుడు భయపడక్కర్లేదు" అని చెప్పాను. కరోనాతోనే గడ్డలు కట్టే ప్రమాదం ఇంకా ఎక్కువని కూడా చెప్పాను.

మందు, నమ్మకం

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం ఎంత జనం వచ్చారో తెలుగువాళ్లందరికీ తెలుసు. వెక్కిరించకండి. ఆసుపత్రిలో బెడ్డు దొరకని రోజులవి. పరీక్షల తర్వాత కంట్లో వేసే చుక్కలకి అనుమతివ్వకుండా, మిగతా వాటిలో కొన్ని ఇచ్చుకోవచ్చని ప్రభుత్వం అంది, కరోనా తగ్గిస్తుందనడానికి మాత్రం ఆధారం లేదంది. మీరు చెప్పాల్సింది చిన్న మాట. అది తీసుకున్నా సరే, ఆయాసం వస్తే ఆసుపత్రికి రావాలి, టీకా మానకూడదు.

ఏ లాక్‌డౌన్?

లాక్‌డౌన్ మంచిదా చెడ్డదా అని వాదిస్తే తెల్లవార్లూ తెగదు. ఎప్పటిది, ఏం మూశారు అని అడగండి. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకి చెప్పి, అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశం మొత్తం మూసింది ఒకటి. 2021లో తెలంగాణలో మే 12 నుంచి పొద్దున 6 నుంచి 10 దాకానే సడలింపు ఇచ్చింది ఇంకొకటి. ఏపీలో మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ పెట్టింది మరొకటి. ఈ మూడింటినీ ఒక గాట కట్టకండి.

తర్వాత రెండు ప్రశ్నలు విడదీయండి. మూయడం వల్ల జబ్బు పాకడం తగ్గిందా అన్నది లెక్కలతో తేల్చాల్సిన సంగతి. ఆ భారం ఎవరు మోయాలి అన్నది న్యాయం సంగతి. దానికి ఏ డాక్టరూ జవాబు చెప్పలేడు. నాకు జీతం వచ్చింది, ఆటో నడిపే మా తమ్ముడికి రాలేదు. అందుకే వాడితో మాట్లాడేటప్పుడు ముందు వాడి నష్టం గురించే మాట్లాడతాను.

నా అభిప్రాయం అడిగితే దాచను. ఆసుపత్రులు సిద్ధపడటానికి 2020 మొదటి వారాల్లో మూయడం సరైనదే. వలస కూలీలకి నాలుగు గంటల గడువివ్వడం అన్యాయం. బడులు అంతకాలం మూసి ఉంచడం కూడా తప్పే. "స్వీడన్‌లో ఏమీ మూయలేదు కదా" అని ఎవరైనా అంటే, అక్కడ కూడా 50 మంది దాటితే సభలు నిషేధించారని, పెద్ద క్లాసులు, కాలేజీలు ఇళ్ల నుంచే నడిపారని చెప్పండి. చిన్నపిల్లల బడులు తెరిచే ఉంచారన్నది మాత్రం నిజం.

బెదిరించకండి

మాకు దగ్గర్లో ఒకచోట టీకా వేయించుకోకపోతే పింఛను ఆపుతామన్నారు. వేయించుకున్నారు, కానీ ఆ తర్వాత పిల్లల టీకాలకి వెళ్లినా అక్కడ తలుపు తీయడానికి వెనకాడారు. టీకా వేయించుకోమని ఎవరినీ బలవంతం చేయకూడదని 2022 మే 2న సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, జనం ఆరోగ్యం కోసం ప్రభుత్వం సబబైన ఆంక్షలు పెట్టొచ్చని కూడా ఉంది. సగం తీర్పే చదివి వాదించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

అంతా విన్నాక కూడా వద్దంటే, మళ్లీ టీకా ఎప్పుడు వేస్తారో చెప్పి వచ్చేయండి. రిజిస్టర్‌లో "నిరాకరించారు" అని ఒక్క ముక్క రాసి వదలకండి, పక్కనే కారణం రాయండి: కూలి పోతుందని, ఇంట్లో చావు జరిగిందని, ఫలానా వీడియో చూశారని. మెడికల్ ఆఫీసర్‌గారికి ఆ కారణం చూపిస్తే, రెండోసారి ఆ ఇంటికి మిమ్మల్ని పంపాలా, ఆయనే రావాలా అన్నది తేలుతుంది.