ఆరోపణను వార్తగా రాసేటప్పుడు

ఒక వ్యక్తిపై వచ్చిన ఆరోపణను వార్తగా రాయదలచిన విలేకరి మొదట తెలుసుకోవలసింది, ఆ మాట చెప్పినవారు దాన్ని స్వయంగా చూశారా, లేక ఇతరుల నుంచి విన్నారా అన్నది. ఒకే మనిషి దగ్గర విన్నదాన్ని ముగ్గురు చెబితే అవి మూడు ఆధారాలు కావు, ఒక్కటే. అందువల్ల పత్రాలను, తేదీలను, ప్రత్యక్ష సాక్షుల మాటలను విడివిడిగా సేకరించి సరిపోల్చుకోవాలి.

ఆ తరువాత ఆరోపణకు గురైనవారిని సంప్రదించి, ప్రతి అంశాన్నీ స్పష్టంగా వారి ముందుంచి, జవాబివ్వడానికి తగిన వ్యవధి ఇవ్వాలి. ప్రచురణకు కొద్ది నిమిషాల ముందు ఒకసారి ఫోన్ చేసి, ‘అందుబాటులోకి రాలేదు’ అని రాసేయడాన్ని వివరణ కోరడంగా నేను ఎంతమాత్రం అంగీకరించలేను. వారి జవాబును వార్త చివర కాక, ఆరోపణకు పక్కనే ఉంచాలి.

అరెస్టయిన వ్యక్తి నిందితుడే గాని దోషి కాడు. ఈ తేడా శీర్షికలోనూ కనిపించాలి.

గోప్యత కోరి సమాచారమిచ్చినవారి పేరు బయటపెట్టరాదని, హానికరమైన తప్పును సరిదిద్దాలని అంతర్జాతీయ పాత్రికేయుల సమాఖ్య 1954లోనే, ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో ఆమోదించిన పాత్రికేయ ప్రవర్తనా సూత్రాల ప్రకటనలో పేర్కొంది. సవరణ వేసేటప్పుడు ఏది తప్పో, ఏది సరైనదో రెండూ చెప్పాలి.